ఎర్రటి పండు తింటే రక్తం పడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల నడుస్తోంది. తొలిచూలు. పురిటికని మా ఇంటికి తీసుకొచ్చాం. ఆసుపత్రిలో పరీక్ష చేసి రక్తం 8 గ్రాములే వుందన్నారు, ఎర్రటి మాత్రలు ఇచ్చారు. పది రోజులు వేసుకుంది. విరేచనం నల్లగా అవుతోందనీ, ఆ మాత్రలు మింగితే బిడ్డ కూడా నల్లగా పుడుతుందనీ పక్కింటివాళ్ళు చెబితే భయపడి మానేసింది. మాత్రలకు బదులు రోజూ రెండు ఆపిల్ పళ్ళు, ఒక గ్లాసు దానిమ్మరసం, వారానికి నాలుగుసార్లు బీట్‌రూట్ కూర పెడుతున్నాం. మావారు బజారంతా తిరిగి బాగా ఎర్రగా వున్న పళ్ళే ఏరి తెస్తున్నారు. నెల దాటింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే 8.2 వచ్చింది. ఇంకా ఎర్రటి పళ్ళు ఏమైనా వుంటే చెప్పగలరు. పళ్ళకు ఇంజెక్షను చేసి రంగు ఎక్కిస్తారని కూడా అంటున్నారు. నిజమేనా? అసలు పండుకు ఆ ఎరుపు ఎలా వస్తుంది?

- ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు చెయ్యవలసిన పని చెప్పి ఆ తర్వాత మీ ప్రశ్నలకు వస్తాను. ఈ వారపత్రిక మీ చేతికి అందిన రోజునే అమ్మాయి చేత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించండి. రెండు మూడు రోజుల్లో ఆసుపత్రికి తీసుకువెళ్ళి, నెలరోజులు మాత్రలు మానేసిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. గర్భిణికి 11 గ్రాములు వుండాలి. 8 అంటే ఓ మోస్తరు రక్తహీనత. 7కన్నా తగ్గితే తీవ్రమైనదని లెక్క. ఇలాంటివాళ్ళకు రోజుకు ఒకటికి బదులు రెండు మాత్రలు రాయడం మామూలే. నెలలు నిండుతున్నాయి కాబట్టి, మాత్రలతో అందుకోలేమని తోస్తే డాక్టరు ఇనుమును ఇంజెక్షనుగా, సెలైనులో కలిపి ఎక్కించవచ్చు కూడా. దానికి భయపడవద్దు.

ఇంత తొందర ఎందుకంటే, కాన్పులో ఏ స్త్రీకైనా కొంత రక్తం పోతుంది. 11, 12 గ్రాములున్న మనిషి ఆ నష్టాన్ని తట్టుకుంటుంది. 8 గ్రాములతో పురిటి మంచం ఎక్కిన మనిషికి, మిగతావాళ్ళకు ప్రమాదం కాని రక్తస్రావం కూడా ప్రమాదమే అవుతుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, నెలలు నిండకుండా కాన్పు కావడం కూడా రక్తహీనత వున్న తల్లుల్లో ఎక్కువ. మీకు మిగిలింది రెండు నెలలు. అందులో ఒక నెల పళ్ళ మీద నమ్మకంతో గడిపితే ఆ నెల తిరిగిరాదు.

ఇక మీ పళ్ళ సంగతి. ఎర్రగా వున్నది తింటే రక్తం పడుతుందనే నమ్మకం మనదొక్కరిదే కాదు, చాలా దేశాల్లో వుంది. చూడ్డానికి సబబుగానే తోస్తుంది. రక్తం ఎర్రన, దానిమ్మ ఎర్రన, కాబట్టి ఒకటి రెండవదాన్ని పుట్టిస్తుందని. కాని ఈ రెండు ఎరుపులకూ పేరు తప్ప చుట్టరికం లేదు. రక్తంలో ఎరుపు హిమోగ్లోబిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. ఒక్కొక్క హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులు వుంటాయి. మనం ఊపిరి పీల్చిన ప్రాణవాయువును పట్టుకుని ఒళ్ళంతా మోసేది ఆ ఇనుమే. ఇనుము లేకపోతే హిమోగ్లోబిన్ తయారు కాదు. ఆపిల్ తొక్కలో, దానిమ్మ గింజలో, నేరేడుపండులో వుండే ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు. దానిలో వుండేవి కర్బనం, ఉదజని, ఆమ్లజని. ఇనుము ఒక్క పరమాణువు కూడా లేదు.

కావాలంటే మీ వంటింట్లోనే చూడవచ్చు. నేరేడుపండు రసం రెండు గిన్నెల్లో పోసి, ఒకదానిలో నిమ్మరసం పిండండి, రెండవదానిలో చిటికెడు వంటసోడా వెయ్యండి. నిమ్మరసం పిండినది ఎర్రబడుతుంది, సోడా వేసినది నీలంవైపు తిరుగుతుంది. తెల్లచొక్కా మీద పడ్డ నేరేడు మరకకు సబ్బు రుద్దగానే అది నీలిరంగుకు మారడం మీరు చూసే వుంటారు. రక్తం మరక అలా మారదు. పులుపుకు ఒక రంగు, క్షారానికి ఒక రంగు చూపించే ఈ పదార్థం రక్తం కాదు, రక్తం అవదు.

పండుకు ఆ ఎరుపు ఎలా వస్తుందని అడిగారు. మంచి ప్రశ్న. దీనికి జవాబు గత ఇరవై ఏళ్ళలోనే బాగా తెలిసింది. ఆకుపచ్చగా వుండే ఆపిల్ చెట్టయినా, ఎర్రటి ఆపిల్ చెట్టయినా, ఆంథోసయనిన్ తయారుచెయ్యడానికి కావలసిన పనిముట్లు, అంటే ఎంజైములను చేసే జన్యువులు, రెండింటి కణాల్లోనూ వుంటాయి. ఇల్లు కట్టేచోట ఇటుక, సిమెంటు, కూలీలు అంతా సిద్ధంగా వున్నా మేస్త్రీ వచ్చి పురమాయించకపోతే పని మొదలుకానట్టే, ఈ జన్యువులు కూడా ఒక మేస్త్రీ జన్యువు పిలిస్తేగాని పనిలోకి దిగవు. ఆపిల్‌లో ఆ మేస్త్రీని 2006, 2007 సంవత్సరాలలో ఆస్ట్రేలియాలోనూ, న్యూజిలాండులోనూ, జపానులోనూ వేరువేరుగా పనిచేస్తున్న శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఎవరికి వారు ఒక పేరు పెట్టారు. ఎం.వై.బి.10 అన్న పేరు ఎక్కువగా వాడుకలో వుంది. ఈ మేస్త్రీ జోరుగా వున్న ఆపిల్ ఎర్రగా పండుతుంది, నిద్రపోతున్నది ఆకుపచ్చగానో పసుపుగానో వుండిపోతుంది.

ఈ మేస్త్రీకి ఎండ కావాలి. చీకట్లో వున్న తొక్కలో మరొక ప్రోటీను దీన్ని పట్టుకుని ముక్కలైపోయేట్టు చేస్తుంది. ఎండ తగిలితే ఆ పీడ విరగడై మేస్త్రీ నిలబడుతుంది, ఎరుపు మొదలవుతుంది. అందుకే ఒకే ఆపిల్‌కు ఎండవైపు ఎర్రగానూ, ఆకు మాటున వున్న వైపు పచ్చగానూ వుంటుంది. జపానులో రైతులు కాయకు కాగితపు సంచి తొడిగి, కోతకు కొన్ని వారాల ముందు దాన్ని తీసేస్తారు. అంతవరకు పాలిపోయి వున్న కాయ కొద్ది రోజుల్లోనే నిగనిగలాడే ఎరుపు తిరుగుతుంది. కొన్ని దేశాల్లో చెట్టు కింద తళతళలాడే పట్టాలు పరిచి, కాయ అడుగుభాగానికి కూడా వెలుతురు తగిలేట్టు చేస్తారు. కాయ మీద అక్షరం ఆకారంలో కాగితం అంటిస్తే ఆ మేరకు ఎరుపు రాక అక్షరం పచ్చగా అచ్చుపడుతుంది. శుభాకాంక్షలు రాసిన ఆపిల్స్‌ను అలాగే తయారుచేస్తారు. చల్లని రాత్రులుంటే ఎరుపు ఇంకా బాగా పడుతుంది, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. కాశ్మీరు, హిమాచల్ కొండల ఆపిల్‌కు ఆ రంగు రావడంలో చలికి కూడా భాగం వుంది.

ఇప్పుడు మీవారి సంగతి చూద్దాం. ఆయన బజారంతా తిరిగి ఏరుతున్నది చెట్టు మీద ఎక్కువ ఎండ తగిలిన కాయనీ, మేస్త్రీ జన్యువు జోరుగా వున్న రకాన్నీ. ఇనుము ఎక్కువ వున్నదాన్ని కాదు. ఇనుము చెట్టుకు నేలలోంచి వేళ్ళగుండా వస్తుంది. దాని దారి వేరు, దాన్ని నడిపే జన్యువులు వేరు. ఎరుపు స్విచ్చు ఎంత గట్టిగా నొక్కినా ఇనుము పెరగదు.

మన బండ్ల మీదికి వచ్చే డెలీషియస్ ఆపిల్ కథ కూడా ఇక్కడ చెప్పుకోదగ్గదే. అది అమెరికా రకం. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతంలో ఆ మొక్కలు తెప్పించి నాటారు. హిమాచల్ ఆపిల్ వ్యాపారానికి అది నాంది. మొదట్లో ఆ పండు మీద ఎర్రని చారలు మాత్రమే వుండేవి. 1920 దశకంలో న్యూజెర్సీలోని ఒక తోటలో, ఒక చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ కాయలు మిగతావాటికన్నా ముందుగా, నిండుగా ఎరుపెక్కాయి. ఒక నర్సరీ కంపెనీ ఆ కొమ్మను 6,000 డాలర్లు పోసి కొన్నది. ఆ తర్వాత అలాంటి కొమ్మలు మరెన్నో దొరికాయి, ఒకదాన్ని మించి ఒకటి ఎర్రన. కొనేవాళ్ళు రంగు చూసి కొంటున్నారు కాబట్టి తోటలవాళ్ళు రంగు చూసే అంట్లు కట్టారు. చివరికి అమెరికాలోనే ఆ పండు చూపుకే తప్ప రుచికి కొరగాదన్న పేరు తెచ్చుకుంది. మన అమ్మాయిల పెళ్ళిచూపుల్లో జరిగేది కూడా ఇలాంటిదేననిపిస్తుంది నాకు. సరే, ఆ మాట ఇక్కడ అప్రస్తుతం.

మేస్త్రీ ఎందుకు ఒకచోట జోరుగానూ, ఒకచోట మందంగానూ వుంటాడు? చాలాచోట్ల దీనికి కారణం ఎగిరే జన్యువులు. జీవకణంలో కొన్ని జన్యుముక్కలు వున్నచోట వుండక, ఎగిరి వేరొకచోట దూరిపోతాయి. బార్బరా మెక్‌క్లింటాక్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 1940 దశకంలోనే మొక్కజొన్న గింజల రంగులు చూసి ఈ సంగతి పట్టుకున్నారు. చాలామంది పెదవి విరిచారు. 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎర్ర ఆపిల్‌లో ఇలాంటి ముక్క ఒకటి మేస్త్రీ జన్యువు ముందు వచ్చి దూరివుందని 2019లో చైనా శాస్త్రజ్ఞులు చూపారు. ద్రాక్షలో జరిగింది దీనికి తలకిందులు. ద్రాక్షకు అసలు రంగు నల్లెరుపు. ఒక ముక్క వచ్చి మేస్త్రీ జన్యువు ముందు అడ్డంగా పడటంతో తెల్లద్రాక్షలు పుట్టాయని 2004లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చారు. మనం తెల్లద్రాక్ష అని పిలిచే లేతపచ్చ ద్రాక్ష అన్నమాట.

మధ్య ఆసియాలో ఒక రకం ఆపిల్ వుంది. దాన్ని కోస్తే లోపలి గుజ్జు కూడా రక్తంలా వుంటుంది. ఆకుల్లో కూడా ఎరుపు కనిపిస్తుంది. మేస్త్రీ జన్యువు ముందుండే స్విచ్చులో ఒక చిన్న ముక్క ఒకటికి ఆరుసార్లు అచ్చుపడిపోవడం దీనికి కారణమని 2009లో న్యూజిలాండు శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. మేస్త్రీ వచ్చి ఆ స్విచ్చును తానే నొక్కుతాడు, దానితో మరింతమంది మేస్త్రీలు పుడతారు, వాళ్ళూ దాన్నే నొక్కుతారు. చెట్టంతా ఎర్రబారక ఏం చేస్తుంది? ఆ పండు మీ బజారుకు వస్తే మీవారు కిలోకు వెయ్యి పెట్టి అయినా కొనేవారేమో! అమ్మాయి రక్తం మాత్రం 8.2 దగ్గరే వుండేది.

అంతకన్నా చిత్రమైనది రక్త నారింజ. పేరులోనే రక్తం వుంది. ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో, ఎట్నా అగ్నిపర్వతం చుట్టుపట్ల పండుతుంది. ఒలిస్తే తొనలు నల్లెరుపుగా వుంటాయి. మన నల్లగొండ, అనంతపురం తోటల్లో పండే సాత్‌గుడి బత్తాయి, అదే రాయలసీమలో చీనీ అంటారే, అదీ ఇదీ ఒకే జాతి పళ్ళు. మరి మన బత్తాయి లోపల ఎందుకు ఎర్రగా వుండదు? ఇంగ్లండులో నారిచ్ నగరంలోని జాన్ ఇన్నెస్ సెంటరులో కాథీ మార్టిన్ బృందం 2012లో దీనికి జవాబు చెప్పింది. నారింజలో వున్న మేస్త్రీ జన్యువుకు వాళ్ళు రూబీ అని పేరు పెట్టారు. మామూలు నారింజలో అది మాట్లాడదు. రక్త నారింజలో ఒక ఎగిరే ముక్క దాని పక్కన దూరింది. ఆ ముక్కకు చలి తగిలితే చలనం వస్తుంది, దానితోబాటు రూబీ కూడా మేలుకుంటుంది. అందుకనే పగలు ఎండ, రాత్రి చలి వుండే ఎట్నా ప్రాంతంలో ఎర్రగా కాచే చెట్టును, ఎప్పుడూ వెచ్చగా వుండే ఊళ్ళో నాటితే కాయ లోపల ఎరుపు సరిగా పడదు. చైనాలోని ఒక పాత రకంలో కూడా ఇలాంటిదే విడిగా జరిగిందని అదే పరిశోధనలో తేలింది.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఒకే చెట్టు, ఒకే కొమ్మ, చలి తగిలితే ఎరుపు, తగలకపోతే పసుపు. మనిషికి రక్తం పట్టించే గుణం ఆ రంగులో వుంటే, చలికాలం కాయకొకటి, ఎండాకాలం కాయకొకటి చొప్పున వైద్యం మార్చుకోవలసి వస్తుంది!

ఎరుపంతా ఆంథోసయనినే అనుకోకండి. టమాటా, పుచ్చకాయ, ఎర్రజామలో వున్నది లైకోపీన్. బీట్‌రూట్‌లో వున్నది బీటాలైన్ల జాతి రంగు. వీటిలో దేనిలోనూ ఇనుము లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం గర్భిణికి తిండిలో రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము అందాలి. నూరు గ్రాముల దానిమ్మ గింజల్లో ఇనుము సుమారు 0.3 మిల్లీగ్రాము. ఆపిల్‌లో అంతకన్నా తక్కువ. అంటే దానిమ్మతోనే సరిపెట్టాలంటే రోజుకు తొమ్మిది కిలోల గింజలు తినాలి. బీట్‌రూట్ కాస్త మెరుగు, నూరు గ్రాములకు 0.8. అయినా మూడు కిలోలు దాటుతుంది. ఆసుపత్రిలో ఊరికే ఇచ్చిన ఒక్క మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, దానితోపాటు ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. మీరు నెలరోజులు పళ్ళకు పెట్టిన ఖర్చు తలచుకుంటే మీకే తెలుస్తుంది.

మరి తిండిలో ఇనుము ఎక్కడ వుంది? చిత్రం చూడండి, పచ్చటి తోటకూరలో వుంది. నూరు గ్రాములకు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా. రాగుల్లో కూడా సుమారు అంతే. సజ్జల్లో ఆరు. నువ్వులు, ఉలవలు, శనగలు అన్నీ ఆపిల్‌ను మించినవే. మాంసం తినేవాళ్ళయితే వేటమాంసం, చేపలు పెట్టండి. వాటిలోని ఇనుము ఆకుకూరలోని ఇనుముకన్నా బాగా ఒంటబడుతుంది. ఉలవచారు మన గోదావరి జిల్లాల ఇంటి వంటే కదా, దానికి కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. ఇవన్నీ పెట్టండి, కాని ఇవి కూడా మాత్రలకు బదులు కాదు. 8 గ్రాముల దగ్గరున్న మనిషిని రెండు నెలల్లో తోటకూర ఒక్కటే 11కు తేలేదు.

పళ్ళు మానెయ్యమని నేను అనడం లేదు. పండుకు ఈ వ్యవహారంలో మంచి పనే వుంది, అయితే అది ఎరుపుది కాదు, పులుపుది. సి విటమిను వున్న పండు తింటే అన్నంలోని, ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. ఈ విటమిను జామలో చాలా ఎక్కువ, బత్తాయిలో, ఉసిరికలో, నిమ్మలో వుంది. ఆపిల్‌లో చాలా తక్కువ. కాబట్టి రెండు ఆపిల్స్ కొనే డబ్బుతో అరడజను జామకాయలు కొనండి. లోపల తెల్లగా వున్నా, ఎర్రగా వున్నా సరే. భోజనంతోపాటే ఒకటి పెట్టండి. దానిమ్మను రసం తీసి గ్లాసులతో పట్టకండి. రసంలో పీచు పోయి చక్కెర మిగులుతుంది. గర్భిణులకు మధుమేహం తగిలే కాలం ఇది. గింజలుగా తింటే చాలు.

మాత్ర ఎలా వేసుకోవాలో కూడా చెబుతాను. చాలామంది మానెయ్యడానికి కారణం వేసుకునే తీరులోనే వుంటుంది. పరగడుపున వేసుకుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది. అలాంటివాళ్ళు రాత్రి భోజనం చేసిన గంటకు, నిమ్మరసం కలిపిన నీళ్ళతో వేసుకుని పడుకోవచ్చు. టీ, కాఫీ, పాలు మాత్రకు గంట ముందు, గంట తర్వాత తాగకూడదు. అవి ఇనుమును ఒంటబట్టనివ్వవు. కాల్షియం మాత్ర కూడా ఇచ్చి వుంటారు. రెండూ కలిపి మింగితే ఇనుము ఒంటబట్టడం తగ్గుతుంది. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి వేసుకోమనండి. విరేచనం నల్లబడటం ఒంటబట్టగా మిగిలిన ఇనుము బయటికి పోవడం వల్ల. అదేమీ జబ్బు కాదు. మలబద్ధకం వుంటే నీళ్ళు, ఆకుకూరలు, పళ్ళు ఎక్కువ ఇవ్వండి. అదీ పళ్ళు చేసే మేలే.

బిడ్డ నల్లగా పుడుతుందన్న మాట పూర్తిగా అబద్ధం. ఆపిల్ ఎరుపు దాని జన్యువుల్లో రాసివున్నట్టే, బిడ్డ ఒంటి చాయ తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువుల్లో రాసివుంటుంది. చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. మాత్రలోని ఇనుముకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కుంకుమపువ్వుకూ లేదు. ఒక సంగతి గమనించండి. 2018లో మొదలైన రక్తహీనత నివారణ పథకంలో గర్భిణులకు ఇచ్చే మాత్రకు ఎర్ర పూత, బడిపిల్లలకు వారానికోసారి ఇచ్చేదానికి నీలం పూత, చిన్నపిల్లలదానికి గులాబీ పూత పెట్టారు. ఎవరి మాత్ర ఎవరిదో తెలియడానికే. నీలం మాత్ర మింగిన పిల్లలెవరూ నీలంగా మారలేదు కదా!

మాత్రలు సరిగా వేసుకుంటే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే వూరుకోకండి. నులిపురుగులు వుండవచ్చు, బి12 విటమిను లోపం వుండవచ్చు, తలసీమియా లక్షణం వంశంలో వుండవచ్చు. అవన్నీ పరీక్షల్లో తేలేవే. కాన్పు తప్పకుండా ఆసుపత్రిలోనే చేయించండి, అదీ రక్తం ఎక్కించే వసతి వున్న చోట. కాన్పు అయ్యాక కూడా ఆరు నెలలు మాత్రలు ఆపవద్దు. పురిటి మంచం దిగగానే మానేసేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని తేలింది. మీ ఇంట్లో మిగతా ఆడవాళ్ళకు కూడా ఒకసారి పరీక్ష చేయించండి, మీతో కలిపి.

ఇంజెక్షను మాట మిగిలింది. చెట్టున ఎరుపు వచ్చే తీరు పైన చెప్పాను. రంగు కణం లోపల ఒక సంచిలో నిలవవుంటుంది. సూదితో రంగునీళ్ళు ఎక్కిస్తే అవి పండంతా సమంగా పాకవు. సూది దిగినచోట మచ్చలా మిగిలి, ఆ రంధ్రంలోంచి కుళ్ళు మొదలవుతుంది. ఏ వర్తకుడూ తన సరుకు తానే కుళ్ళబెట్టుకోడు. తొక్క మీద పైపైన రంగు పూసిన అనుమానం వుంటే తడి దూదితో తుడిచి చూడండి. ఆపిల్ సొంత ఎరుపు దూదికి అంటదు. నిగనిగ కోసం మైనం పూస్తారు, అది వేరే సంగతి. బాగా కడిగి తింటే చాలు.

ప్రశ్న: నాకు మధుమేహం వుంది. ఆకుపచ్చ ఆపిల్ తింటే చక్కెర పెరగదనీ, ఎర్ర ఆపిల్‌లో కాన్సరు రాకుండా చేసే గుణం వుందనీ మా అబ్బాయి అంటాడు. ఏది కొనమంటారు?

- విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, ఆకుపచ్చ ఆపిల్‌లో పులుపు ఎక్కువ, చక్కెర కాస్త తక్కువ. ఆ తేడా చిన్నది. రెండూ పండు లెక్కే, రోజుకు ఒకటి చాలు, తొక్కతో తినండి. కాన్సరు మాట మీ అబ్బాయి ఎక్కడో చదివే వుంటాడు. పైన చెప్పిన నారిచ్ శాస్త్రజ్ఞులే 2008లో, పూలమొక్క నుంచి తీసిన మేస్త్రీ జన్యువులను టమాటాలో పెట్టి ఊదారంగు టమాటాలు పండించారు. కాన్సరు త్వరగా వచ్చే జాతి చిట్టెలుకలకు అవి పెడితే మామూలు టమాటా తిన్నవాటికన్నా ఎక్కువకాలం బతికాయి. అది చిట్టెలుకల సంగతి. ఆంథోసయనిన్ మనిషి పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బహు కొద్ది, చేరినదాన్ని కూడా ఒళ్ళు త్వరగానే బయటికి పంపేస్తుంది. పళ్ళు, కూరలు బాగా తినేవాళ్ళు ఆరోగ్యంగా వుంటారన్నది నిజమే. అది ఆ రంగు ఒక్కదాని వల్లనేనని ఎవరూ రుజువు చెయ్యలేదు. మీ మాత్రలు, మీ నడక మానకండి. ఏది చవకగా దొరికితే ఆ ఆపిల్ కొనండి. జామకాయ దొరికితే ఇంకా మంచిది.

ప్రశ్న: బీట్‌రూట్ తిన్న మర్నాడు నాకు మూత్రం ఎర్రగా పోతోంది. రక్తమేమోనని భయంగా వుంది. వయసు 26. పెళ్ళి కాలేదు. బయటికి చెప్పుకోలేక మీకు రాస్తున్నాను.

- ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: చెల్లీ, అది బీట్‌రూట్ రంగే. కొందరిలో ఆ రంగు పేగుల్లో విరిగిపోకుండా మూత్రంలోకి వచ్చేస్తుంది. హాని లేదు. అయితే ఇనుము తక్కువగా వున్నవాళ్ళలో ఇది ఎక్కువగా కనబడుతుందని డాక్టర్లు చాలాకాలంగా గమనిస్తున్నారు. కాబట్టి ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పు, సిగ్గుపడవలసిన విషయం కాదు. నాలుగు రోజులు బీట్‌రూట్ మానేసి చూడు. ఆ తర్వాత కూడా ఎరుపు కనిపిస్తే మాత్రం అది పండుదీ కాదు, కూరదీ కాదు. వెంటనే మూత్ర పరీక్ష చేయించుకోవాలి.